మైత్రీయాత్రలు: మదనపల్లె చరిత్రలో ఒక ప్రకరణము

మన పూర్వులు ప్రయాణములకు కారణములను చక్కగా విభజించి యుంచిరి. పుణ్యము కొరకు పోవుట తీర్థయాత్ర; ధనము కొరకు పోవుట వర్తకయాత్ర; రాజ్యము కొరకు పోవుట దండయాత్ర. విద్య కొరకు గురువు నాశ్రయించుట యొకటి, పెండ్లికిని పురిటికిని బంధువుల యిండ్లకు పోవుట మరియొకటి. స్నేహితుని చూచుటకు మాత్రమే దేశాంతరము పోవుటకు ఈ పట్టికలో చోటు లేదు. ఎవరైన అట్లు బయలుదేరినచో ఇరుగుపొరుగువారు "ఏ పనిమీద?" అని యడుగుదురు. "మిత్రుని చూడబోవుచున్నాను" అను ప్రత్యుత్తరమును ఎవరును పూర్తిగా నమ్మరు. వెనుక వేరొక పని యుండి తీరవలెనని వారి యూహ.

ఈ యూహ క్రొత్తది కాదు. సముద్రమధ్యమున వెలసిన ద్వారకాపట్టణమునకు కుచేలుడు తన బాల్యసఖుని చూడబోయిన కథ మన యిండ్లలో ఎరుగనివారు లేరు. ఆ ప్రయాణమునకు ఇల్లాలు చూపిన కారణము పిల్లల ఆకలియే. కాని ద్వారకలోని మేడలను చూచి, సఖుని ప్రక్కను కూర్చుండి, గురుకులమునాటి ముచ్చట లాడుకొన్న తరువాత, ఆ బ్రాహ్మణుడు అడుగవలసినది అడుగకయే తిరిగివచ్చెను. కథను చెప్పుకొనువారు తరువాత లభించిన సంపదను వర్ణించుటలో మునిగి ఈ విషయమును దాటిపోవుదురు. పనికై బయలుదేరిన ప్రయాణము మార్గమధ్యమున మైత్రిగా మారినది. అట్టి ప్రయాణములకు చరిత్రయందు ఫలమేమి యని విచారించుటయే ఈ వ్యాసమున ఉద్దేశము. దీనికి తగిన ఉదాహరణము మన ప్రాంతముననే, మదనపల్లెయందే, కలదు.

ముందుగా ఒక పాతమాట. తెలుగు వచనమున మొదటి గొప్ప యాత్రాగ్రంథము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగా కాశి చేరి, గయను, కలకత్తాను చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. అది తీర్థయాత్రయే. కాని గ్రంథము పుట్టుటకు కారణము తీర్థము కాదు, మిత్రుడు. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు కోరుటచేత వీరాస్వామయ్యగారు తాము చూచినదెల్ల వ్రాసి పంపుచు వచ్చిరి. ఆ వ్రాతలను 1838లో అచ్చు వేయించినవారును పిళ్లగారే. దారిలోని సత్రములు, ధరలు, కులములు, నదులను దాటు తిప్పలు, దొరతనమువారి సుంకములు మనకు నేడు తెలియుచున్నవన్న, ఇంటివద్ద కూర్చుండి ఆ జాబులకు ఎదురుచూచిన స్నేహితుడొకడు ఉండుటచేతనే. దేవునికి మ్రొక్కుకొనుటకు వ్రాత యక్కరలేదు. మిత్రునికి చెప్పుకొనుటకు కావలెను.

అయినను ఆ యాత్ర భూమార్గముననే సాగినది. సముద్రమును దాటుట వేరు సంగతి. బౌధాయనధర్మసూత్రము సముద్రయానమును ఉత్తరదేశపువారి ఆచారములలో నొకటిగా పేర్కొని, మరియొకచోట పతనహేతువులలో దానిని చేర్చినది. కలియుగమున వర్జ్యములని చెప్పబడిన వానిలో సముద్రము దాటి వచ్చిన ద్విజుని పంక్తిలో చేర్చుకొనుటయు నొకటి. వర్తకులు ఈ నిషేధమును లక్ష్యపెట్టినట్లు కానరాదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము సముద్రవర్తకులను రక్షించుటకే వేయించినది. మొత్తముమీద, సరకు సముద్రమును దాటవచ్చును గాని సఖ్యము దాటరాదన్నట్లు మన సంఘము ఏర్పాటు చేసికొన్నది. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు విద్య కొరకు దాటుట మొదలైనది. చిత్తూరు చేరువనున్న కట్టమంచిలో జన్మించిన రామలింగారెడ్డిగారు 1902లో కేంబ్రిడ్జికి పోయి, అక్కడి విద్యార్థుల వాదసభయైన యూనియనునకు ఉపాధ్యక్షులై, తిరిగివచ్చి కాలక్రమమున 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైరి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారిని 1911లో ఇంగ్లండునకు కొనిపోయిరి. ఇవన్నియు ఇక్కడివారు అక్కడికి పోయిన ప్రయాణములు. అక్కడివారు మన యూరికి వచ్చి, ఇక్కడనే మిత్రులను సంపాదించి, ఆ మిత్రులకై మరల సముద్రములు దాటిన కథ యింకొకటి.

మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలోనిది. ఆ యేడు చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరి, 2022 వరకు అందే యుండెను. చుట్టును గుట్టలు, సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైబడిన యెత్తు, దానివలన కలిగిన చల్లని గాలి ఆ యూరి సంపద. గొప్ప కోటలు లేవు, రాజధానిగా ఉండిన ప్రసిద్ధి లేదు. చరిత్ర చదివినవాడు చూడగోరునది చంద్రగిరిని, పెనుగొండను గాని మదనపల్లెను కాదు. అట్టి యూర 1915లో అనీ బిసెంటమ్మగారు దివ్యజ్ఞానకళాశాలను స్థాపించిరి. దత్తమండలములని అప్పుడు పిలువబడుచుండిన ఈ సీమలో ఉన్నతవిద్యకు అది తొలి దీపములలో నొకటి.

ఈ కళాశాలకు వచ్చిన దంపతుల పూర్వచరిత్రను కొంత చెప్పవలసియున్నది. జేమ్స్ కజిన్స్ 1873లో ఐర్లండు దేశమందలి బెల్ఫాస్టులో జన్మించెను. యౌవనమున డబ్లిను నగరమునకు వచ్చి, యేట్సు, రస్సెల్ మొదలగు కవులు నడపిన సాహిత్యపునరుజ్జీవనమున కవిగాను నాటకకర్తగాను పాల్గొనెను. ఆయన భార్య మార్గరెట్ 1878లో బాయిల్ అను చిన్న యూర జన్మించి, డబ్లినులో సంగీతమున పట్టము పొందెను. 1903లో వారికి వివాహమైనది. ఇద్దరును శాకాహారులు. స్త్రీలకు వోటుహక్కు సంపాదించుటకై 1908లో ఐర్లండున స్థాపింపబడిన సంఘమునకు ఆమె స్థాపకురాండ్రలో నొకరు. ఆ యుద్యమమున 1910లో లండనునందును, 1913లో ఐర్లండునందును ఆమె చెరసాలకు పోయెను.

1912 వేసవిలో ఈ దంపతులు సముద్రము దాటి ఫ్రాన్సు దేశమున నార్మండీ తీరమందున్న ఒక స్నేహితురాలి యింటికి పోయిరి. ఆమె పేరు మాడ్ గాన్. ఐర్లండు స్వాతంత్ర్యమునకై పాటుపడినవారిలో ప్రసిద్ధురాలు. యేట్సు కవియు అప్పుడు ఆ యింట అతిథిగా నుండెను. ఆయనవద్ద కొన్ని వ్రాతప్రతు లుండెను. అవి ఇంకను అచ్చుకాని ఆంగ్లగీతాంజలిలోని పద్యములు. యేట్సు వానిని పైకి చదువగా ఆ యింటివారును అతిథులును వినిరి. ఆ సంవత్సరము నవంబరులో ఆ పుస్తకము లండనున వెలువడినది. మరుసటి యేట రవీంద్రునికి నోబెలు బహుమానము వచ్చినది. లోకమునకు తెలియకముందే, ఒక స్నేహితురాలి యింటి చావడిలో, కజిన్స్ దంపతులకు భారతదేశపు కంఠమొకటి వినవచ్చెను. అది పుస్తకశాలలో గాని ఉపన్యాసమందిరమున గాని దొరకు పరిచయము కాదు. స్నేహితుల యిండ్లకు పోవువారికి మాత్రమే లభించు లాభము అట్టిది: మనము చూడబోయినది ఒకటి, అక్కడ మనకొరకు కాచుకొనియుండునది మరియొకటి.

1915లో బిసెంటమ్మగారి పిలుపుమీద కజిన్స్ దంపతులు చెన్నపట్టణమునకు వచ్చిరి. ఆయన న్యూ ఇండియా పత్రికలో సాహిత్యవిభాగమున పని చేసెను. 1916 వసంతమున డబ్లినులో తిరుగుబాటు జరిగి, నాయకులను తుపాకులతో కాల్చిరి. వారిలో కవులు నుండిరి. వారిని మెచ్చుకొనుచు కజిన్స్ వ్రాసిన వ్యాసము దొరతనమువారికి కంటగింపయ్యెను. పత్రికలోని ఉద్యోగము పోయినది. అప్పుడాయన మదనపల్లె చేరి కళాశాలలో ఆంగ్లోపన్యాసకుడై, తరువాత అధ్యక్షుడయ్యెను. స్వదేశమున మిత్రులను పోగొట్టుకొన్న దుఃఖముతో వచ్చిన మనుష్యునికి ఈ చిన్న యూరు ఆశ్రయమిచ్చినది. 1917లో ఆయన చెన్నపురిలో ప్రకటించిన సాహిత్యవిమర్శగ్రంథమొకటి పుదుచ్చేరిలోనున్న అరవిందులవారి చేతికి చేరినది. దానిని గూర్చి వ్రాయబూనిన సమీక్షయే పెరిగి, రాబోవు కవిత్వమును గూర్చిన వారి దీర్ఘవ్యాసపరంపరయైనది.

మార్గరెట్ పని ఇంకను విశేషమైనది. 1917లో అడయారున భారతమహిళాసంఘము స్థాపింపబడినప్పుడు ఆమె దాని ముఖ్యసంస్థాపకురాండ్రలో నొకరు. ఆ యేడే ఇండియా రాజ్యకార్యదర్శి మాంటేగు దేశమునకు వచ్చుచున్నాడని విని, స్త్రీవిద్యను గూర్చి విన్నవించుటకు అవకాశ మడిగిరి. రాజకీయవిషయములకు మాత్రమే సమయ మీయగలమని జవాబు వచ్చినది. అట్లయిన రాజకీయవిషయమునే అడిగెదమని వోటుహక్కును విన్నపమున చేర్చిరి. డిసెంబరులో సరోజినీదేవిగారి నాయకత్వమున స్త్రీలు చెన్నపట్టణమున మాంటేగును కలిసికొనిరి. 1921లో చెన్నరాష్ట్ర శాసనసభ, ఆస్తి మొదలగు యోగ్యతలు పురుషులకెట్లో స్త్రీలకు నట్లేయని నిర్ణయించి, వారికి వోటుహక్కు నొసగెను. ఇంగ్లండున స్త్రీపురుషులకు సమానమైన వోటుహక్కు వచ్చినది 1928లో! ఐర్లండునుండి వచ్చిన అతిథి మనకు ఉపకారము చేసెనని చెప్పి యూరకుండుట సగము సత్యమే. తన దేశమున చెరసాలకు పోయి అడిగిన దానిని, ఇక్కడి స్నేహితురాండ్రతో కలిసి ఆమె ముందుగా చూడగలిగెను; ఉపకారము రెండువైపులను నడచినది. 1932లో దొరతనమువారి అత్యవసరశాసనములను నిరసించి మాటాడినందున ఆమెను వేలూరు చెరసాలలో నుంచిరి. మూడు దేశములలో చెర ననుభవించిన ఆమెకు కడపటి చెరసాల చిత్తూరికి కూతవేటు దూరమున నున్నదే.

ఇక రవీంద్రుని రాక. ఈ కళాశాల అప్పుడు జాతీయవిద్యోద్యమమున చేరి, రవీంద్రుడు కులపతిగా నున్న జాతీయవిశ్వవిద్యాలయముతో సంబంధము కలిగియుండెను. 1919 ఆరంభమున ఆయన దక్షిణదేశమున ఊరూర ఉపన్యసించి అలసిపోయెను. ఫిబ్రవరి చివరివారమున కజిన్స్ దంపతుల అతిథిగా విశ్రాంతికై మదనపల్లెకు వచ్చెను. నార్మండీ తీరమున ఎవరి పద్యములను విని మురిసిరో ఆ కవియే, ఏడేండ్ల తరువాత, వారి గడప త్రొక్కెను. కళాశాలలో వారమున కొకసారి రాత్రి భోజనానంతరము విద్యార్థులును ఉపాధ్యాయులును గుమిగూడి పాటలు పాడుకొను వాడుక యుండెను. ఆనాటి కూటమునకు కవియు వచ్చి, తానును ఒక పాట పాడవచ్చునా యని యడిగెను. పాడినది జనగణమన. అది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో తొలిసారి పాడబడినదే. కాని మదనపల్లె శ్రోతలలో పెక్కురకు వంగభాష రాదు. అయినను చివరి జయఘోష వచ్చినప్పుడెల్ల పిల్లలందరును గొంతు కలిపిరి.

భావమేమని వారడుగుటచేత కవి దానిని స్వయముగా ఆంగ్లీకరించి, తన దస్తూరితో వ్రాసి, భారతదేశప్రభాతగీతమని పేరుపెట్టెను. ఆ ప్రతిపై నున్న తేదీ 1919 ఫిబ్రవరి 28. మార్గరెట్ ఆ రాగమును స్వరపరచి వ్రాసి, వాద్యముమీద వినిపింపగా కవి సమ్మతించెను. కజిన్స్ దానిని కళాశాలకు ప్రార్థనాగీతముగా గైకొనెను. తరువాతి కాలమున అదియే జాతీయగీతము కాదగినదని పత్రికాముఖమున వాదించెను. 1950 జనవరి 24న రాజ్యాంగసభ దానినే జాతీయగీతముగా స్వీకరించినది. మదనపల్లెను దక్షిణ శాంతినికేతనమని కవి మెచ్చుకొనినట్లు ప్రసిద్ధి. ఆయన పోయిన ఆరువారములకే, ఏప్రిలు 13న, జలియన్‌వాలాబాగున రక్తము పారినది. మే నెల చివర ఆయన సర్ బిరుదమును త్యజించెను. నడుమ లభించిన ఆ కొద్దిదినముల విశ్రాంతిలో పుట్టిన వ్రాతప్రతి యొకటి, స్వరలేఖ యొకటి, రాజశాసనములకంటె దీర్ఘకాలము నిలిచినవి. వీనిని ఏ సభయు తీర్మానింపలేదు, ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపలేదు. అతిథి యొకడు ఒక యింట పాట పాడెను. ఇంటివారు అర్థ మడిగిరి. అంతే జరిగినది.

ఆ యేడే కజిన్స్ మదనపల్లెనుండి జపానుకు పోయెను. ఆయనను పిలిచినవాడు కవి యోనే నొగూచి. నొగూచి 1893లో అమెరికాకు పోయి, ఆంగ్లమున కవియై, 1904లో స్వదేశమునకు తిరిగివచ్చి, టోకియోలోని కేయో విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యాచార్యుడుగా నుండెను. కజిన్స్ అచ్చట దాదాపు ఒక సంవత్సరము ఆధునికాంగ్లకవిత్వమును బోధించెను. 1916లో రవీంద్రుడు జపాను యువకులకు ఉపన్యసించినదియు ఆ విశ్వవిద్యాలయముననే. పరదేశపు అనుకరణమును, జాతీయాహంకారమును కూడ విడువుడని ఆయన యప్పుడు హెచ్చరింపగా, మొదట బ్రహ్మరథము పట్టిన పత్రికలు తరువాత మొగము త్రిప్పుకొన్నవి.

టోకియోను గూర్చి ఇక్కడ కొంత తెలిసికొనవలెను. 1868 వరకు ఆ నగరము పేరు ఎదో. 1603 మొదలు తొకుగావావంశపు సైన్యాధిపతులు అక్కడనుండి దేశమును పాలించిరి. 1635లో వారు జపానీయు లెవ్వరును విదేశములకు పోరాదనియు, పోయి తిరిగివచ్చినవారికి మరణదండనమనియు శాసించిరి. మన ధర్మశాస్త్రములు పంక్తిబాహ్యత విధించిన తప్పునకు వారు ప్రాణము తీయుదుమనిరి! 1866లో ఆ నిషేధము తొలగినది. అంతకుముందే ప్రభుత్వరాయబారులతో కూడ 1860లో అమెరికాకును 1862లో ఐరోపాకును పోయివచ్చిన వాడు ఫుకుజావా యుకిచి. చూచివచ్చిన దానిని సామాన్యులకు తెలియునట్లు పుస్తకముగా వ్రాసెను. ఆయన 1858లో ఎదోనగరమున స్థాపించిన పాఠశాలయే పెరిగి కేయో విశ్వవిద్యాలయమైనది. సముద్రము దాటరాదన్న కాలమున దాటినవాని పాఠశాలకు, సముద్రము దాటరాదన్న దేశమునుండి ఐర్లండు కవి యొకడు ఉపాధ్యాయుడై పోయెను.

కజిన్స్ ఆ నగరమున ఉండి పాఠములు చెప్పుటతో తృప్తిపడలేదు. ఆయనయుండగా 1920లో అక్కడ అంతర్జాతీయ దివ్యజ్ఞానశాఖ యొకటి యేర్పడినది. జెన్ బౌద్ధమును లోకమునకు వ్యాఖ్యానించిన సుజుకీగారును, ఆయన భార్యయు అందు చేరిరి. తిరిగివచ్చిన పిదప తన అనుభవములను నవజపానును గూర్చిన గ్రంథముగా వ్రాసి 1923లో చెన్నపట్టణమున ప్రకటించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1న భూకంపము, దానివెంట అగ్ని, టోకియోలో పెద్దభాగమును నాశము చేసినవి. ఆ ప్రాంతమున లక్షకు పైగా జనులు చనిపోయిరి. 1945 మార్చిలో ఆకాశమునుండి కురిసిన నిప్పు మరల ఆ నగరమును కాల్చినది. చరిత్రప్రసిద్ధనగరమును చూడబోవువారు రాళ్లు శాశ్వతములనియు మనుష్యులు అశాశ్వతులనియు తలంతురు. టోకియో విషయమున ఇది తలక్రిందైనది: కజిన్స్ చూచిన వీథులు పోయినవి, ఆ వీథులలో తిరిగినవాని వ్రాత నిలిచినది.

స్నేహము చూపిన దానినెల్ల మెచ్చుకొనవలెనని దీని యర్థము కాదు. 1935లో నొగూచి మన దేశమునకు వచ్చి రవీంద్రుని ఆతిథ్యము పొందెను. 1937లో జపాను చైనాపై దండెత్తినది. మరుసటి యేడు నొగూచి ఆ యుద్ధమును సమర్థించుచు రవీంద్రునికి బహిరంగలేఖ వ్రాసెను. రవీంద్రుడు ఆ సమర్థనమును తిరస్కరించి, జపాను ప్రజలపై తనకు గల ప్రేమ తగ్గలేదనుచునే, వారికి జయము కలుగవలెనని కోరజాల ననెను. నొగూచి మరల వ్రాసెను. కవి మరల ఖండించెను. వారి మధ్య మాట ఇక కుదరలేదు. ఇది మైత్రి విఫలమైన కథయని కొందరనవచ్చును. నాకట్లు తోచదు. జపానును ఎరుగనివాడు జపానును నిందించుట సులభము. దాని ఆతిథ్యమును అనుభవించి, దాని కళను ప్రేమించి, ఆపై దాని ముఖముమీదనే తప్పును తప్పనుటకు అధికారము మిత్రునికి మాత్రమే కలదు. ఆ యధికారము కొరకైనను మనుష్యులు ఒండొరుల దేశములకు పోవలెను.

ఇచ్చట ఒక యాక్షేపము రావచ్చును. కజిన్స్ భారతమునకు వచ్చినది దివ్యజ్ఞానసమాజపు పనికి. రవీంద్రుడు మదనపల్లెకు వచ్చినది విశ్రాంతికి. జపాను ప్రయాణము ఉద్యోగమునకు. వీనిని మైత్రీయాత్ర లనుట ఎట్లు? నిజమే, ప్రతి ప్రయాణమునకును ఒక పని యున్నది. తెల్లవాడగుటచేత కజిన్సుకు రేవులలోను రైళ్లలోను లభించిన సౌకర్యములు మనవారికి లభింపలేదన్నదియు నిజమే. కాని ఆ పనులలో ఏది మిగిలినది? జాతీయవిశ్వవిద్యాలయము కొలదికాలముననే అంతరించినది. టోకియో ఉద్యోగము ఒక యేటితో తీరినది. మిగిలినవి ఒక పాటకు అర్థము, ఒక స్వరలేఖ, కొన్ని పుస్తకములు, స్త్రీల హక్కులకై పుట్టిన సంఘములు. పని ముగిసిన తరువాత సంభాషణలో పుట్టినవే ఇవన్నియు. కుచేలుని కథయు ఇట్టిదే.

నేడు చిత్తూరు, తిరుపతి ప్రాంతముల కుటుంబములలో సముద్రయానము వింత కాదు. కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రు అమెరికాలోను ఆస్ట్రేలియాలోను స్థిరపడగా, తల్లిదండ్రులు మనుమలను చూచుటకు పోయి నెలలతరబడి ఉండి వచ్చుచున్నారు. బౌధాయనుని నిషేధమును తలచుకొనువారు కూడ అరుదు. ఇది సంతోషింపదగినదే. కాని అచ్చట వారు చూచునదేమి? ప్రసిద్ధములైన వంతెనలు, బొమ్మలు, జలపాతములు. వారాంతమున మనవారి దేవాలయము. మనవారి యింట భోజనము. ఆ నగరమున పుట్టి పెరిగినవాని యింటి భోజనపుబల్లకడ ఒక్క సాయంకాలమైన కూర్చున్నవారు ఎందరు? దూరపు కొండలు నునుపు అందురు. కొండ దగ్గరకు పోయియు దూరమునుండియే చూచి వచ్చినచో ఆ నునుపే మిగులును. రాళ్లు, ముండ్లు, వానిమధ్య పారు నీటి ఊటలు తెలియవు. అచ్చటి కష్టమును, పాతపగను, చెప్పుకొనుటకు సిగ్గుపడు చరిత్రను చెప్పగలవాడు మిత్రుడే. మార్గదర్శి డబ్బు తీసికొని నగరమును పొగడును. మిత్రుడు నమ్మికచేత దాని లోపములను కూడ చెప్పును.

ఇంటివద్దను ఇట్లే జరుగుచున్నది. తిరుమలకు దినమునకు వేలకొలది యాత్రికులు అన్నిదేశములనుండియు వచ్చుచున్నారు. లోకమంతయు మన వీథిలో నడచిపోవుచున్నది. వారిలో మన యింటి లోపలికి వచ్చువా రెవరు? బంధువులు, కులస్థులు, పరిచితులు. సముద్రమును దాటుట నేర్చిన మనము ఇంకను గడపను దాటనీయుట నేర్వలేదు. కూతురు పరదేశమున ఎవరితో పంక్తిని భుజించునో అడుగని గృహస్థుడే, ప్రక్కవీథిలోని వేరొక కులపు సహాధ్యాయిని వంటింటిదరికి రానీయడు. పూర్వము పాపము నీటియందున్నదని భయపడిరి. నేడు నీటిభయము పోయినది గాని ఆ పాపభీతి వచ్చి గడపపై కూర్చున్నది. సంస్కారము కోరు గృహములు మొట్టమొదట పరీక్షించుకొనవలసిన స్థలము అదియే.

ఇందులకు గొప్ప సంఘములు అక్కరలేదు. విదేశమునకు పోవువారు అచ్చటి మిత్రునొకని ముందుగా జాబులచేత సంపాదించుకొని పోవచ్చును. పోయినవారు చూచినదానిని వీరాస్వామయ్యగారివలె ఇంటనున్న మిత్రునికి వివరముగా వ్రాయవచ్చును. ధరలు, దారులు, మనుష్యుల మాటతీరు, తమకు నచ్చనిది కూడ దాచక వ్రాయవలెను. స్త్రీలు ముఖ్యముగా తమ స్నేహితురాండ్రను చూచుటకై స్వతంత్రముగా ప్రయాణము చేయవలెను. పురుషునికి స్నేహితు డున్నాడనుట గౌరవముగాను, ఇల్లాలికి స్నేహితురా లున్నదనుట కాలక్షేపముగాను ఎంచు సంఘమున మార్గరెట్ వంటివారి పని సగమే నడచును. వచ్చిన అతిథిని పూలమాలవేసి పంపివేయక, ఆతని పాటకు అర్థమడుగవలెను. మన పాటకు అర్థము చెప్పవలెను.

మార్గరెట్ 1954లో చెన్నపట్టణమున కన్నుమూసెను. జేమ్స్ కజిన్స్ 1956 ఫిబ్రవరి 20వ తేదీన మదనపల్లెలోనే మరణించెను. బెల్ఫాస్టులో పుట్టినవాడు, డబ్లినులో కవియైనవాడు, టోకియోలో ఆచార్యుడైనవాడు కడపటి శ్వాసకు ఈ చిన్న యూరినే యెన్నుకొనెను. కోటలు లేని మదనపల్లెకు చరిత్ర యిట్లు వచ్చినది. అచ్చటికి చూడబోవువారికి చూపుటకు గొప్ప శిథిలములు లేవు. ఒక కళాశాల కలదు, అందు ఒకనాటి రాత్రి పిల్లలు అర్థము తెలియకయే గొంతు కలిపిన పాటను నేడు దేశమంతయు నిలుచుండి పాడుచున్నది.